ఊలు అల్లిక: సూదుల ఎంపికలో మెలకువలు

మన తెలుగు నేలపై ఊలుతో అవసరం తక్కువ. లంబసింగి, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాలను, ఆదిలాబాదు పరిసరాలను మినహాయిస్తే, స్వెట్టరు మనకు ఏడాదిలో కొద్ది వారాల వస్త్రం మాత్రమే. కాని ఉద్యోగరీత్యా గాని, కూలి పనుల నిమిత్తం గాని ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబాలకు మొదటి డిసెంబరులోనే ఊలు విలువ తెలిసివస్తుంది. అక్కడి చలికాలపు మధ్యాహ్నపు ఎండలో మేడల మీద, వాకిళ్లలో కూర్చొని రెండు సూదులతో అల్లుకొనే స్త్రీలు ఒకప్పుడు వీధివీధినా కనిపించేవారు. యంత్రాలపై తయారైన దుస్తులు చౌకగా లభించడం మొదలైన తరువాత ఆ దృశ్యం తగ్గినది గాని, ఆ విద్య అంతరించలేదు. పసిపిల్లల టోపీలు, కాలి మేజోళ్లు, చేతి అల్లిక స్వెట్టర్లు కోరి కొనేవారు నేటికీ ఉన్నారు.

ఢిల్లీ చుట్టూ హర్యానా, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల జిల్లాలను కలుపుకొని జాతీయ రాజధాని ప్రాంతం విస్తరించి ఉంది. సోనీపత్, ఝజ్జర్, బులంద్‌శహర్, అల్వర్ వంటి జిల్లాల గ్రామాలన్నీ ఇందులోనివే. ఈ ప్రాంతంలో స్వయం సహాయక సంఘం ద్వారా గాని, సొంతంగా గాని ఊలు అల్లికను ఉపాధిగా చేపట్టదలచిన పాఠకుల కోసమూ, వారికి సూదులు, ఊలు అమ్మే వర్తకుల కోసమూ ఈ వ్యాసం ఉద్దేశించబడినది. రుణానికి దరఖాస్తు చేయుటకు ముందే తెలుసుకోవలసిన విషయాలు ఇందులో ఉన్నాయి.

క్రోషే వేరు, అల్లిక వేరు

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు పని తెలియని తెలుగువారు అరుదు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ విద్య గోదావరి డెల్టా గ్రామాలలో వేలాది స్త్రీలకు పని కల్పించినది. అయితే లేసు అల్లేది కొక్కెం ఉన్న ఒకే సూదితో. ఏ క్షణాన చూచినా ఆ కొక్కెంపై సాధారణంగా ఒక్క ఉచ్చు మాత్రమే ఉంటుంది. పని మధ్యలో వదిలినా ఊడిపోయేది కొద్దిగానే.

ఊలు అల్లికలో అలా కాదు. వరుసలోని ఉచ్చులన్నీ ఏకకాలంలో సూదిమీదనే ఉంటాయి. ఒక్కటి జారినా అది నిచ్చెన మెట్ల వలె కిందికి ఊడుతూ పోతుంది. కాబట్టి సూది పొడవు, లావు, నునుపుదనం, మొన అనేవి ఈ పనిలో చాలా ముఖ్యమైనవి. లేసు తెలిసిన వారికి ఒక సౌలభ్యం లేకపోలేదు. జారిన కుట్టును పైకి తెచ్చుటకు వారి క్రోషే కొక్కెమే అన్నిటికన్న మంచి పనిముట్టు.

సూది నంబరు: ఒక చిక్కు

మన దేశపు బజారులో అల్లిక సూదులను నంబరుతో అడుగుతారు. ఢిల్లీ దుకాణంలో 'దస్ నంబర్ సలాయి' అంటే పది నంబరు సూది. ఈ నంబర్లు పాత బ్రిటిషు పద్ధతికి చెందినవి. ఇందులో నంబరు పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది. మిల్లీమీటర్లలో ఆ లెక్క ఇలా ఉంటుంది:

12 నంబరు – 2.75 మి.మీ.
11 నంబరు – 3 మి.మీ.
10 నంబరు – 3.25 మి.మీ.
9 నంబరు – 3.75 మి.మీ.
8 నంబరు – 4 మి.మీ.
7 నంబరు – 4.5 మి.మీ.
6 నంబరు – 5 మి.మీ.

అమెరికా పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది. మన 8 నంబరు సూది 4 మి.మీ. కాగా, అమెరికా 8 నంబరు సూది 5 మి.మీ. ఉంటుంది. విదేశీ పుస్తకంలోని నమూనాను చూచి, నంబరు ఒకటే కదా అని మన సూదితో మొదలుపెడితే వస్త్రం బిగుసుకుపోయి చిన్నదవుతుంది. అందుచేత నంబరును నమ్ముకొనక మిల్లీమీటరునే అడగండి. సూదిపై అచ్చు చెరిగిపోతే, రంధ్రాలున్న కొలత రేకులో దూర్చి చూచుకోవచ్చు. ఏ రంధ్రంలో సూది వదులుగాను బిగువుగాను కాక సరిగా దూరుతుందో అదే దాని కొలత. సూదులు అమ్మే ప్రతి దుకాణంలోను ఇటువంటి రేకు ఒకటి ఉండుట అవసరం.

ఏ సూది, ఎవరికి?

అల్యూమినియం సూదులు తేలికగా, చవకగా దొరుకుతాయి. వాటిపై ఉచ్చులు వేగంగా జారుతాయి కనుక చేయి తిరిగిన వారికి అనుకూలం. పూత లేని రకాలు కొన్ని లేత రంగు ఊలుపై నల్లని మరక వదలుతాయి. వెదురు సూదులు ఊలును కొద్దిగా పట్టి ఉంచుతాయి. కుట్లు సులభంగా జారిపోవు గనుక కొత్తగా నేర్చుకొనే వారికి ఇవి మేలు. వర్షాకాలపు ఉక్కపోతలో, చేతికి చెమట పట్టే రోజులలో కూడా వెదురే హాయిగా ఉంటుంది. ప్లాస్టిక్ సూదులు లావు ఊలుకు పనికివస్తాయి గాని, సన్ననివి వంగిపోతాయి.

ఆకారాన్ని బట్టి కూడా మూడు రకాలున్నవి. ఒక చివర మొన, మరొక చివర బిళ్ల ఉండే జత సూదులు మొదటి రకం. స్వెట్టరు ముందు భాగం, వెనుక భాగం, చేతులు విడివిడిగా అల్లుటకు ఇవి చాలు. రెండు చివరలా మొనలుండి, నాలుగు లేక అయిదు సూదుల కట్టగా వచ్చేవి రెండవ రకం. మేజోళ్లు, చేతి తొడుగులు వంటి గుండ్రని పనులకు ఇవి కావాలి. రెండు పొట్టి సూదులను మెత్తని తీగతో కలిపినవి మూడవ రకం. టోపీలు, అతుకులేని స్వెట్టర్లు, ఎక్కువ కుట్లున్న శాలువలు వీటిపై సులభం. బరువంతా తీగమీద పడి, మణికట్టుకు శ్రమ తగ్గుతుంది.

మన దేశంలోనే సూదుల తయారీ చిరకాలంగా సాగుతున్నది. నీలగిరి కొండలలోని కేతి వద్ద 1949లో ఏర్పడిన నీడిల్ ఇండస్ట్రీస్ (ఇండియా) సంస్థ 'పోనీ' పేరుతో చేసే సూదులు ఇందుకొక ఉదాహరణ. ఏ పేరుదైనా సరే, కొనే ముందు మూడు పరీక్షలు చేయండి. సూదిని గాజు పలకపై దొర్లించండి, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. మొనను పాత నైలాను బట్టపై నెమ్మదిగా లాగండి, గరుకు ఉంటే పోగు తగులుకుంటుంది. చివరి బిళ్ల గట్టిగా ఉన్నదో లేదో తిప్పి చూడండి.

నేర్చుకొనే వారు ఒకేసారి పెద్ద పెట్టె కొనవలసిన పని లేదు. 30 లేక 35 సెంటీమీటర్ల పొడవు గల 8 నంబరు సూదుల జత ఒకటి, మధ్యరకం లావు గల లేత రంగు ఊలు ఒక ఉండ చాలు. ముదురు రంగు ఊలులో కుట్లు కంటికి ఆనవు. నూగు ఎక్కువగా ఉన్న ఊలును ఊడదీయుట కష్టం.

మొదటి పాఠాలు

సూదిపై తొలి ఉచ్చులు వేయుటను కుట్లు ఎక్కించుట అంటారు. ఢిల్లీలో ఉచ్చును 'ఫందా' అంటారు. 25 కుట్లు వదులుగా ఎక్కించండి. తరువాత కుడిచేతి సూదిని మొదటి కుట్టులోనికి ముందునుండి వెనుకకు దూర్చి, ఊలును దాని మొనకు చుట్టి, ఆ చుట్టును కుట్టులోనుండి ముందుకు లాగి, పాత కుట్టును ఎడమ సూదినుండి జారవిడవండి. ఇది నిట్ కుట్టు; హిందీలో 'సీధా'. ఊలును పనికి ముందువైపు ఉంచుకొని, సూదిని కుడినుండి ఎడమకు దూర్చి, చుట్టును వెనుకకు లాగితే అది పర్ల్ కుట్టు, హిందీలో 'ఉల్టా'. ఎంత చిత్రమైన అల్లిక అయినా ఈ రెండు కుట్ల మీదనే ఆధారపడి ఉంటుంది.

ప్రతి వరుసను సీధాగానే అల్లితే రెండు వైపులా ఒకే రీతిగా గట్లు తేలిన మెత్తని వస్త్రం వస్తుంది. ఒక వరుస సీధా, ఒక వరుస ఉల్టా అల్లితే ఒకవైపు నునుపుగా ఉంటుంది, అంచులు మాత్రం చుట్టుకుపోతాయి. ఇది మీ తప్పు కాదు, ఆ అల్లిక స్వభావమే అది. ఒకే వరుసలో ఒక కుట్టు సీధా, ఒక కుట్టు ఉల్టాగా అల్లితే సాగి ముడుచుకొనే బోర్డరు వస్తుంది. బోర్డరుకు ఒంటి భాగానికి వాడే సూదికన్న రెండు నంబర్లు సన్నని సూది తీసుకోవాలి. ఒంటికి 8 నంబరు అయితే బోర్డరుకు 10 నంబరు అన్నమాట.

ప్రతి వరుస చివర కుట్లు లెక్కించుకొనే అలవాటు మొదటి వారంలోనే చేసుకోండి. 25 కుట్లు 27 అయినా, 23 అయినా వెంటనే తెలుస్తుంది. చివరలో కుట్లు ముగించునపుడు కొత్తవారు బిగించి వేస్తారు. పిల్లల స్వెట్టరు మెడ బిగుసుకొంటే తల దూరదు, కొన్నవారు తిరిగి తెచ్చి ఇస్తారు. కుట్లు ముగించుటకు ఒకటి రెండు నంబర్లు లావు సూది వాడితే ఈ ఇబ్బంది ఉండదు.

నమూనా ముక్క: నష్టం నుండి రక్షణ

ఇక అసలు విషయానికి వద్దాం. ఇది పట్టించుకొనకనే అనేకమంది శ్రమను, సొమ్మును పోగొట్టుకొంటారు.

ఒక సంఘానికి 40 పిల్లల స్వెట్టర్ల ఆర్డరు వచ్చినదనుకొందాం. ఛాతీ చుట్టుకొలత 80 సెంటీమీటర్లు ఉండాలి. నమూనా ప్రకారం 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలి. మధ్యరకం ఊలును 4 మి.మీ. సూదిపై అల్లితే సాధారణంగా వచ్చే లెక్క ఇదే. ముందు భాగం 40 సెంటీమీటర్లు కనుక 88 కుట్లు ఎక్కించాలి. కాని అల్లేవారి చేయి వదులై 10 సెంటీమీటర్లకు 20 కుట్లే వస్తే అవే 88 కుట్లు 44 సెంటీమీటర్లు అవుతాయి. మొత్తం చుట్టుకొలత 88 సెంటీమీటర్లు. చేయి బిగువై 24 కుట్లు వస్తే చుట్టుకొలత దాదాపు 73 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఒకే ఆర్డరులో 73, 80, 88 కొలతల స్వెట్టర్లు కలిసి వస్తే ఏ వర్తకుడైనా తిప్పి పంపక తప్పదు. ఊలు అప్పు తెచ్చినది. వాయిదా తేదీ మాత్రం ఆగదు.

దీనికి మందు ఒక చిన్న ముక్క. ఆర్డరుకు వాడే ఊలుతోనే 30 కుట్లు ఎక్కించి, పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు అల్లండి. ఉతికి, పరచి ఆరబెట్టండి. ఆరిన తరువాత అంచులు వదలి, మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నవో లెక్కించండి. కావలసినదానికన్న ఎక్కువ కుట్లుంటే లావు సూదికి మారండి, తక్కువ ఉంటే సన్న సూదికి మారండి. చేతి బిగువును ప్రయత్నపూర్వకంగా మార్చుకోవాలని చూడవద్దు. అలా మార్చిన చేయి నాలుగు వరుసల తరువాత పాత అలవాటుకే తిరిగి వస్తుంది.

సంఘ సభ్యులు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. అందరికీ ఒకే నంబరు సూదులు పంచుట సమానత్వం వలె కనిపిస్తుంది గాని, అది పొరపాటు. ఒకరికి 8 నంబరుతో 22 కుట్లు రావచ్చు, మరొకరికి అదే లెక్క 9 నంబరుతో రావచ్చు. అందరికీ ఉమ్మడిగా ఉండవలసినది కుట్ల లెక్క, సూది నంబరు కాదు. ప్రతి సభ్యురాలు తన ముక్క తాను అల్లి, తనకు తగిన సూది నంబరును సంఘం పుస్తకంలో వ్రాయించుకోవాలి. ఒకే స్వెట్టరు ముందు, వెనుక భాగాలను వేర్వేరు చేతులకు ఇవ్వకుండుట మంచిది.

వర్తకులకు కొన్ని సూచనలు

ఢిల్లీ సదర్ బజారు వంటి టోకు మార్కెట్లనుండి సరకు తెచ్చి గ్రామాలలో అమ్మే వర్తకులు 8 నుండి 12 నంబర్ల వరకు సూదులను ఎక్కువగా నిలువ ఉంచుకోవడం మంచిది. అన్ని నంబర్లనూ సమానంగా కొంటే పెట్టుబడి అలమారులోనే చిక్కుకుంటుంది. ఊలు ఉండలపై రంగు నంబరుతో పాటు అద్దకపు లాటు నంబరు కూడా ముద్రించి ఉంటుంది. లాటు మారితే అదే రంగులో ఛాయ మారుతుంది. స్వెట్టరుకు సరిపడు ఊలు మొత్తం ఒకే లాటునుండి ఇచ్చి, మిగిలిన విప్పని ఉండలను తిరిగి తీసుకొంటామని మాట ఇస్తే కొనేవారు ధైర్యంగా పూర్తి ఊలు కొంటారు.

బజారులో 'ఊలు' అనే పేరుతో అమ్మేదానిలో ఎక్కువ భాగం అక్రిలిక్. అది తక్కువ వస్తువేమీ కాదు. చవక, ఉతుకుట సులభం, పురుగు పట్టదు. కాని దానిని గొర్రె ఉన్నిగా చెప్పి అమ్ముట మోసం. అనుమానం ఉంటే ఒక పోగు కాల్చి చూడవచ్చు. ఉన్ని వెంట్రుక కాలిన వాసనతో కాలి, నలిపితే బూడిద అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూస కడుతుంది.

పెట్టుబడి, కూలి, వాయిదా

లూధియానా యంత్రాలపై తయారయ్యే స్వెట్టర్లతో ధరలో పోటీ పడుట చేతి అల్లికకు సాధ్యం కాదు. కావున యంత్రం తేలికగా చేయలేని పనులను ఎంచుకోండి: కొలతకు అల్లినవి, పసిపిల్లల జతలు, పేరు గాని బొమ్మ గాని అల్లినవి. ఏ వస్తువు చేపట్టినా ముందుగా ఒకటి అల్లి, పట్టిన గంటలను నిజాయితీగా వ్రాసి చూచుకోండి. ఉదాహరణకు ఒక టోపీ, మేజోళ్ల జతకు 120 రూపాయల ఊలు, 8 గంటల పని పట్టి, 300 రూపాయలకు అమ్ముడైనదనుకొందాం. మిగిలినది 180 రూపాయలు, అంటే గంటకు 22 రూపాయల 50 పైసలు. అదే రోజు వేరొక పనికి వెళ్తే ఎంత వస్తుందో పోల్చి చూడండి. చేయి తిరిగి, అదే పని 5 గంటలలో ముగిస్తే గంటకు 36 రూపాయలు అవుతుంది. నేర్పు పెరిగిన తరువాతనే పెద్ద రుణానికి వెళ్లుట మంచిదనుటకు కారణం ఇదే.

ఈ లెక్క వేయకపోతే ఏమవుతుందో నరసాపురం చెబుతుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు కార్మికుల పరిస్థితిని అధ్యయనం చేసి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. లేసు విదేశీ మార్కెట్లకు ఎగుమతి అవుతూ వ్యాపారులకు సంపద తెచ్చినా, అల్లిన స్త్రీలకు దక్కినది అతి తక్కువ కూలి అని ఆమె చూపారు. వారు ఇంటివద్ద ఖాళీ సమయంలో చేసే పనిగా, గృహిణుల కాలక్షేపంగా దానిని పరిగణించుటయే అందుకు ముఖ్య కారణం. ఊలు అల్లిక కూడా ఇంటివద్ద జరిగే పనియే. మీ గంటలను మీరు లెక్కించకపోతే మరెవ్వరూ లెక్కించరు.

ఈ వ్యాపారానికి ఒక కాలం ఉన్నది. ఊలు కొనుట జూన్, జూలైలలో. అల్లుట అక్టోబరు వరకు. అమ్మకం నవంబరు నుండి జనవరి వరకు. చలి తగ్గగానే ధర తగ్గుతుంది. అంటే పెట్టుబడి అయిదారు నెలలు ఊలు రూపంలోనే నిలిచి ఉంటుంది. రుణం తీసుకొనునపుడు ఈ విషయాన్ని బ్యాంకు అధికారికి స్పష్టంగా వివరించి, వాయిదాలు డిసెంబరు నుండి ఫిబ్రవరి మధ్య ఎక్కువగా పడునట్లు కోరండి. ఆగస్టు నుండే సమాన వాయిదాలు పెట్టుకొంటే, అమ్మకం మొదలు కాకముందే కొత్త అప్పుతో పాత వాయిదా కట్టవలసి వస్తుంది.

1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాల అనుసంధానం నేడు దేశమంతటా విస్తరించినది. సక్రమంగా పొదుపు చేసి, పుస్తకాలు నిర్వహించే సంఘానికి ఈ మార్గం అనుకూలం. వ్యక్తిగతంగా చేపట్టేవారు 2015లో ప్రారంభమైన ముద్రా పథకంలోని 'శిశు' తరగతి కింద 50,000 రూపాయల వరకు రుణం గురించి విచారించవచ్చు. మీ జిల్లాలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో ఏయే శిక్షణలు ఉన్నవో కూడా కనుక్కోండి.

అమ్మకానికి ఢిల్లీ ప్రాంతంలో అవకాశాలు తక్కువేమీ కాదు. ప్రగతి మైదానంలో నవంబరులో జరిగే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన, గ్రామీణ మహిళా సంఘాల కోసం ఏర్పాటయ్యే సరస్ మేళాలు, 1987 నుండి ఫరీదాబాదు సమీపంలో ఫిబ్రవరి మాసంలో జరుగుతున్న సూరజ్‌కుండ్ మేళా, 1994లో ప్రారంభమైన ఢిల్లీ హాట్ ఇందులో ముఖ్యమైనవి. వీటిలో చోటు కోసం ముందుగా దరఖాస్తు చేయాలి. సరకు సిద్ధమైన తరువాత చోటు వెదకుట ఆలస్యమవుతుంది.

చివరిగా ఒక మాట. ఈ పనిలో తొలి పెట్టుబడి చాలా చిన్నది: ఒక జత సూదులు, ఒక ఊలు ఉండ. దానికి అప్పు అక్కరలేదు. ఆ ఒక్క ఉండను పదిసార్లు అల్లి, పదిసార్లు విప్పండి. మీ కుట్లు ఒకే రీతిగా వచ్చి, నమూనా ముక్క లెక్క తప్పక నిలిచిన నాడు, ఆ ముక్కను, మీ గంటల లెక్క వ్రాసిన పుస్తకాన్ని వెంట తీసుకొని బ్యాంకుకు వెళ్లండి. అధికారి అడిగే ప్రశ్నలలో చాలావాటికి సమాధానం ఆ రెండింటిలోనే ఉంటుంది.